థియోఫిలస్ డెస్ట్రెల్లా ఎవరు? బధిరుల చరిత్రలో ఆయన్ని ఎందుకు తలచుకుంటారు?

డెస్ట్రెల్లా (1851–1929) శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు, పుట్టుకతోనే చెవిటి. పసితనంలోనే తల్లి పోయింది. 1860లో అక్కడ మొదలైన బధిరుల పాఠశాలలో తొలి విద్యార్థి ఆయనే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదివి, కళ నేర్చుకుని, బర్క్‌లీకి మారిన అదే బడిలో డ్రాయింగ్ మాస్టారయ్యారు.

ఫొటోగ్రాఫర్‌గా ఆయన బడిపిల్లల రోజువారీ జీవితాన్ని తీశారు. గాజు పలకల మీది బొమ్మల్ని మ్యాజిక్ లాంతరుతో పెద్దవిగా చేసి చూపిస్తూ, సైగలతో కథలు చెప్పేవారు. మాట వినబడని పిల్లలకు ఆ చీకటి గదిలో లోకమంతా కళ్లముందుకొచ్చేది. నాకైతే ఆయన చేసినవాటిలో ఇదే గొప్పది.

ఆయన దగ్గర బొమ్మలు నేర్చిన గ్రాన్‌విల్ రెడ్‌మండ్ తర్వాత పేరున్న ప్రకృతి చిత్రకారుడయ్యాడు, చాప్లిన్ సినిమాల్లోనూ కనిపించాడు. మూకాభినయం మీద అతనికి ఇష్టం కలిగించిందీ ఈ గురువే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఏ భాషా రాని పసివయసులో చంద్రుణ్ణి ప్రాణమున్న మనిషిలా అనుకున్నానని డెస్ట్రెల్లా రాసుకున్నారు. భాష లేకపోయినా ఆలోచన ఉంటుందనడానికి అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1892లో ఆ జ్ఞాపకాలనే సాక్ష్యంగా చూపారు. చెవిటివాడికి చదువు రాకముందు బుద్ధి ఉండదనుకునేవాళ్లకు అది సూటి జవాబు.