కడదీవి రాస్తున్న మా అమ్మాయికి

అమ్మాయ్,

నువ్వు పంపిన కథ ఇరవై పేజీలు రాత్రే చదివేశా. లోకం చివర సముద్రం పొగైపోయి కిందికి జారిపోయే చోట నీ కడదీవి ఉంటదన్నావే, ఆ ముక్క రెండు సార్లు చదువుకున్నా. కానీ ఒకటి అడగతా, ఏమనుకోబాక. ఆడుండేవాళ్లు మంచినీళ్లు యాడ తాగతారు? బంగారు కోట ఉంది, ఏడుగురు రాజులుండారు, రెక్కల గుర్రాలుండాయి, బిందెడు నీళ్లు మాత్రం యాడా కనపళ్లా.

నేను ఇరకం దీవి స్కూల్లో పంతులుగా చేసేటప్పుడు రోజూ భీములవారిపాళెం రేవులో పడవెక్కి పులికాట్ సరస్సు మీద పోయేవాణ్ణి (అప్పుడది మన నెల్లూరు జిల్లానే, ఇప్పుడు తిరుపతిలో కలిపారు). దీవిలో ఉండేవాళ్లకి ఒక కన్ను ఎప్పుడూ రేవు మీదే ఉంటది, బియ్యం మూట, మందులు, పెళ్లి బట్టలు అన్నీ పడవలోనే రావాల, గాలి లేచిందంటే అదీ లేదు. అందుకని రాజుల సంగతి తర్వాత, పడవ పది రోజులు రాకపోతే నీ దీవిలో ముందు ఏది అయిపోతదో అది రాసుకో, కథ ఆణ్ణించే లేస్తది.

ఇక నీళ్లు. మన సముద్రం ఒడ్డు ఊళ్లలో దొరువులని ఉంటాయి చూడు, ఇసకలో మోకాలి లోతు, నడుం లోతు తవ్వితే మెల్లగా నీళ్లు ఊరతాయి, ముందు మబ్బుగా ఉంటాయి, కాసేపు ఆగితే తేటపడతాయి, తియ్యగా ఉంటాయి. వాన నీళ్లు ఇసకలో దిగి ఉప్పునీళ్ల మీద తేలతా ఉంటాయి, అదీ సంగతి. ఆశపడి లోతుకి తవ్వినా, గబగబా తోడినా కింద ఉప్పు పైకొచ్చేస్తది, ఇక ఆ గుంట చెడినట్టే. ఇప్పుడు ఆలోచించు, కడదీవిలో ఎవరు ఎన్ని చెంబులు తోడాలో చెప్పేది ఎవరు? నాకైతే ఆమే అసలు రాణి అనిపిస్తా ఉంది.

నీ ఏడుగురు రాజులు ఊరికే కొట్టుకుంటన్నారు గదా, వాళ్లకో కారణం ఇస్తా. మోటుపల్లి రేవులో 1244లో కాకతీయ గణపతిదేవుడు అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు రాజులు తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాగేసుకునేవాళ్లంట, ఈయన మాత్రం సుంకం తప్ప ఇంకేం ముట్టనని రాతి మీద చెక్కించాడు. లోకం చివర దీవి అంటే పగిలిన ఓడలన్నీ ఆడికే గదా చేరేది, మరి ఆ సరుకు ఎవరిది? ప్రాణాలతో ఒడ్డుకి పడ్డోడు తన పెట్టె తనకిమ్మంటే ఏం చెప్తారు?

తుఫాను మర్చిపోబాక. 1989 నవంబర్‌లో కావలి తుఫాను వచ్చినాక మీ అమ్మమ్మ ఏ లెక్కైనా 'తుఫానుకి ముందు, తుఫానుకి తర్వాత' అనే చెప్పేది. నీ వాళ్లకి కూడా తేదీలొద్దు, గాలులు చాలు.

ఇంకోటి, కడదీవి అని ఆ దీవి వాళ్లే అనుకోరమ్మా, అది ఒడ్డునుండేవాళ్లు పెట్టే పేరు. ఇరకంలో మూడో క్లాసు పిల్లోడొకడు నన్ను 'రోజూ అంత దూరం నుంచి ఎందుకు వస్తారు సార్, ఈడే ఉండొచ్చుగా' అన్నాడు, వాడి లెక్కలో చివరున్నది నేనే. వాళ్ల నోటితో వాళ్ల ఊరికి ఇంకో పేరు పెట్టు.

ఆదివారం మీ అమ్మని తీసుకుని రా, మైపాడు పోదాం. సరుగుడు తోటల ఎనక ఇసకలో తవ్వి చూపిస్తా, నువ్వే తాగి చూద్దువు. చెంబు ఒకటి తెచ్చుకో.

మీ మామయ్య