రాముడికి లక్ష్మణుడు ‘సోదరుడు’ అవుతాడా?

సందేహం: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. శ్రీరామనవమికి రామాలయం తరఫున కరపత్రాలు వేయించాం. ‘సోదరులతో కొలువైన శ్రీరామచంద్రమూర్తి’ అని రాశాం. అది చూసి ఊళ్లో ఒక పెద్దాయన, “సోదరులంటే ఒక్క కడుపున పుట్టినవాళ్లు. రాముడి తల్లి వేరు, లక్ష్మణుడి తల్లి వేరు. ఈ మాట తప్పు” అన్నారు. మళ్లీ అచ్చు వేయించాలేమోనని టెన్షన్‌గా ఉంది. ఏది ఒప్పండీ?

సమాధానం: ‘సోదర’ మాట కోసమైతే మళ్లీ వేయించనక్కర్లేదు. అలాగని ఆ పెద్దాయన మాటను తోసిపారేయకండి. వ్యుత్పత్తి ఆయన చెప్పినట్టే ఉంది. ఒకే ఉదరం నుంచి పుట్టినవాడు సోదరుడు, సహోదరుడు. అమరకోశం ఈ అర్థానికి సమానోదర్య, సోదర్య, సగర్భ్య, సహజ అనే మాటలిచ్చింది. అన్నింటిలోనూ తల్లి కడుపు, పుట్టుకే ఆధారం. సవతి తల్లి కొడుక్కి ‘వైమాత్రేయుడు’ అని వేరే మాట ఉంది. ఈ లెక్కన దశరథుడి నలుగురు కొడుకుల్లో సోదరులు సుమిత్ర బిడ్డలైన లక్ష్మణ శత్రుఘ్నులిద్దరే.

అయితే ఈ లెక్కను పక్కన పెట్టినవాడు సాక్షాత్తూ వాల్మీకి. యుద్ధకాండలో రావణుడి శక్తి దెబ్బకు లక్ష్మణుడు పడిపోయినప్పుడు రాముడు ఏడుస్తూ అన్న మాట చూడండి:

దేశే దేశే కళత్రాణి దేశే దేశే చ బాంధవాః
తం తు దేశం న పశ్యామి యత్ర భ్రాతా సహోదరః

భార్యలు ఏ దేశంలోనైనా దొరుకుతారు, చుట్టాలూ దొరుకుతారు, సహోదరుడైన తమ్ముడు దొరికే దేశమే నాకు కనబడటం లేదు అంటున్నాడు. ‘భ్రాతా’ అని ఆగినా అర్థం చెడదు. అయినా రాముడి నోట ‘సహోదరః’ అని కూడా అనిపించాడు కవి. అందరూ ఒకే పాయసపాత్ర వల్ల పుట్టారు కదా అని సర్దిచెప్పేవాళ్లున్నారు. నాకు ఆ సర్దుబాటు అక్కర్లేదనిపిస్తుంది. బాలకాండలోనే లక్ష్మణుణ్ణి రాముడికి ‘బహిఃప్రాణ ఇవాపరః’ అన్నాడు, అంటే బయట తిరిగే మరో ప్రాణం లాంటివాడని. తమ్ముడు పక్కన లేకపోతే రాముడికి నిద్ర పట్టదు, మంచి వంటకం ముందు పెట్టినా ముద్ద దిగదు. అసలు సోదరులైన లక్ష్మణ శత్రుఘ్నులు చూస్తే చెరొక అన్న వెంట వెళ్లారు, ఒకరు రాముడి వెంట, ఒకరు భరతుడి వెంట.

భారతంలో ఈ మాట ఇంకా కఠినమైన పరీక్షకు నిలబడాల్సి వచ్చింది. నిఘంటువు ప్రకారం ధర్మరాజుకు సహోదరుడు కర్ణుడు, నకులుడు కాడు. యక్షుడు తమ్ముల్లో ఒక్కణ్ణే బతికిస్తానన్నప్పుడు ధర్మరాజు భీముణ్ణీ అడగలేదు, అర్జునుణ్ణీ అడగలేదు. కుంతికి కొడుకుగా నేనున్నాను, మాద్రికి కూడా ఒక కొడుకు మిగలాలని నకులుణ్ణి కోరాడు. నన్నయ మన రాజమహేంద్రవరంలో మొదలుపెట్టిన భారతంలో ఈ ఘట్టం ఎర్రన పూర్తిచేసిన అరణ్యపర్వ శేషంలో ఉంది. ఎప్పుడు చదివినా నాకు అక్కడ గొంతు పట్టేస్తుంది. ఇక కర్ణుడు తన అన్న అని ధర్మరాజుకు తెలిసేసరికి యుద్ధం అయిపోయింది, తర్పణం వదలడమే మిగిలింది.

మన తెలుగు మాటలకైతే ఈ పేచీ అసలు లేదు. ‘తోబుట్టువు’, ‘తోడబుట్టినవాడు’ అన్నప్పుడు కడుపు ప్రస్తావన రాదు, తోడు ఒక్కటే వినబడుతుంది. ఈమధ్య తోబుట్టువు అనే మాటను ఎక్కువగా ఆడపడుచులకే వాడుతున్నాం. అంతర్వేది తీర్థంలో నరసింహస్వామి తరఫున గుర్రాలక్కకు చీర, సారె పెడతారు. ఆమె స్వామికి తోబుట్టువన్నది చాలు, ఏ తల్లి బిడ్డని ఎవరూ అడగరు. ‘అన్నదమ్ములు’ కూడా అలాంటి మాటే. (అందులో తమ్ముడి ‘త’ ‘ద’గా మారడం ద్వంద్వ సమాసంలో మామూలే: తల్లిదండ్రులు, కూరగాయలు.) ఒకసారి కోటిపల్లి రేవులో పంటు ఎక్కుతుంటే ఒక కుర్రాడు ముసలాయన చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా ఎక్కిస్తున్నాడు. “మీ నాన్నగారా?” అని అడిగాను. “కాదండి, అన్నయ్యండి. పెదనాన్నగారి పెద్దబ్బాయండి ఆయ్” అన్నాడు. అన్నయ్య అన్నది ముందొచ్చింది, పెదనాన్నగారి అబ్బాయి అన్నది తర్వాత వచ్చింది.

కడుపు లెక్క నిజంగా కావలసినచోటు పంపకాల దస్తావేజు. అక్కడ ‘సోదరులు’ అని వదిలెయ్యకుండా ఏ తల్లి బిడ్డలో విప్పి రాయాలి. పత్రికల్లో కనిపించే ‘సవతి సోదరుడు’ నాకు నచ్చదు. ఒకే కడుపు అంటూనే వేరే కడుపు అన్నట్టుంటుంది. సవతి తమ్ముడు అంటే సరిపోతుంది.

మీ కరపత్రంలో నాకు కనిపించిన చిక్కు ఇంకోటి. చాలా రామాలయాల్లో ఉండేది సీతారామలక్ష్మణులే. మీ గుళ్లో భరత శత్రుఘ్నుల విగ్రహాలు కూడా ఉంటే ‘సోదరులతో’ అన్నది సరే. లక్ష్మణుడొక్కడే ఉంటే, దిద్దాల్సింది ఆ బహువచనాన్ని.