ఫోన్‌లో వీడియోలు చూస్తే లెక్కలు వస్తాయా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఫోన్లు, వీడియోలు వచ్చాక పిల్లలు నేర్చుకునే తీరు నిజంగా మారిందా అని ఒకటి, మీ అబ్బాయి తొమ్మిదో తరగతి లెక్కలన్నీ ఫోన్‌లోనే చూస్తున్నాడు, అది సరిపోతుందా అని ఇంకొకటి. హైస్కూల్ పిల్లలకు లెక్కలు చెప్పడం నా పని. బోర్డు, చాక్‌పీస్ మాత్రమే ఉన్న రోజుల్లోనూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను కాబట్టి లెక్కల వరకే మాట్లాడతాను.

మారింది, చాలా మారింది. నా కళ్ళకు కనిపించే అన్నిటికన్నా పెద్ద మార్పు ఏంటంటే, ఒక లెక్క దగ్గర ఆగిపోయాక జవాబు దొరికేదాకా పట్టే టైమ్ దాదాపు లేకుండా పోయింది. ఇదివరకు రాత్రి ఆగిపోతే మర్నాడు క్లాసు దాకా ఆ లెక్క బుర్రలో తిరుగుతూనే ఉండేది, ఈలోగా రెండు మూడు తప్పు దారులు పట్టి, ఒక్కోసారి సగం దాకా వచ్చి, క్లాసులో నేను మొదటి లైను రాయగానే "ఓ, అదా!" అనేవాళ్ళు. 2014లో వచ్చిన ఫోటోమ్యాథ్ లాంటి యాప్‌లో లెక్క మీద కెమెరా పెడితే చాలు, స్టెప్పులు వచ్చేస్తాయి. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక మాటల్లో అడిగినా చెబుతుంది. తప్పు దారులు పట్టే అవసరమే పోయింది. నన్నడిగితే లెక్కలు వచ్చేదే ఆ తప్పు దారుల్లో.

వీడియోల సంగతి. ఇప్పుడు పాఠం మొదలుపెట్టేసరికే సగం క్లాసు "మాకు తెలుసు" అంటుంది, అబద్ధం కూడా కాదు, చూసే వస్తారు. భిన్నాల భాగహారం తీసుకోండి. రెండో భిన్నాన్ని తిరగేసి గుణించాలని అందరికీ వచ్చు, ముప్పావుని అరతో భాగిస్తే ఒకటిన్నర అని టక్కున చెప్పేస్తారు. సరే, భాగిస్తే తగ్గాలి కదా, ముప్పావు కాస్తా ఒకటిన్నర ఎలా అయింది అని అడిగితే క్లాసంతా నిశ్శబ్దం. ముప్పావు మీటరు తాడులో అర మీటరు ముక్కలు ఎన్ని వస్తాయో కొలిచి చూడమంటే, ఒక పూర్తి ముక్క, ఇంకో సగం ముక్క అని వాళ్ళే చెబుతారు. చిన్న వీడియోల్లో చాలావాటిలో ఈ భాగం ఉండదు, తిరగేయడం దగ్గరే అయిపోతాయి.

చూస్తున్నప్పుడు వచ్చేసినట్టే అనిపించడం పిల్లల తప్పు కాదు, పెద్దవాళ్ళకూ అంతే. 2018లో కార్డాస్, ఓబ్రయన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్నే పరీక్షించారు. బోర్డు మీదికి డార్ట్ విసిరే వీడియోని కొందరికి చాలాసార్లు, కొందరికి ఒక్కసారే చూపించి, విసరమన్నారు. చాలాసార్లు చూసినవాళ్ళు బాగా విసరగలమని ఎక్కువ నమ్మకంగా చెప్పారు, తీరా విసిరితే రెండో గుంపు కంటే మెరుగ్గా ఏమీ లేరు. అంతకుముందు 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగం పాఠాలకు సంబంధించింది. మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకు అయిదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది, కానీ వారం గడిచాక చూస్తే, పుస్తకం మూసి గుర్తున్నది రాసుకున్నవాళ్ళే ముందున్నారు. మీ అబ్బాయి వీడియోని రెండోసారి చూడటానికి పెట్టే టైమ్‌ని ఖాళీ కాగితం మీద పెడితే ఎంత తేడానో దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఇంత చెప్పానని ఫోన్ లాగేసుకోకండి, ప్లీజ్. బోర్డు మీద నేను ఎన్నేళ్ళు చెప్పినా చూపించలేనివి అందులో ఉన్నాయి. గ్రాఫులు గీసే డెస్మోస్, జియోజీబ్రా యాప్‌లు రెండూ ఉచితంగానే దొరుకుతాయి. ఎక్స్ స్క్వేర్ ముందున్న అంకెను స్లైడర్‌తో, అంటే తెర మీద వేలితో జరిపే బటన్‌తో, మారుస్తూ పోతే పారాబోలా అనే గిన్నెలాంటి వంపు గీత సన్నబడుతుంది, వెడల్పవుతుంది, సున్నా దగ్గర చదునుగా పడుకున్న గీత అయిపోతుంది, మైనస్‌లోకి వెళ్ళగానే తలకిందులవుతుంది. బోర్డు మీద మూడు గ్రాఫులు గీసేసరికే పీరియడ్ అయిపోయేది. ఇప్పుడు పిల్లలు వేలితో జరుపుతూ "సున్నా పెడితే ఏమవుతుంది?" అని వాళ్ళంతట వాళ్ళే అడుగుతారు, జరపకముందే ఏమవుతుందో ఊహించి పందేలు వేసుకుంటారు. ఊహించడం, సరిచూసుకోవడం, తప్పైతే ఎందుకైందో వెతకడం, నేను ఏళ్ళ తరబడి అలవాటు చేయాలని చూసింది అదే. ఈ ఒక్క విషయంలో ఫోన్‌కి నేను నిజంగా రుణపడి ఉన్నాను.

మళ్ళీ అడగడానికి మొహమాటపడే పిల్లలకు పాజ్ బటన్ కూడా పెద్ద వరం. ఉచితంగా వీడియో పాఠాలు చెప్పే ఖాన్ అకాడమీని మొదలుపెట్టిన సల్మాన్ ఖాన్ (సినిమా హీరో కాదు) తన కజిన్స్‌కి పాఠాలు చెబుతూ వీడియోలు పెడితే, నువ్వు ఎదురుగా చెప్పేదానికంటే వీడియోలే నయం అని వాళ్ళు అన్నారట. ఆపి, వెనక్కి తిప్పి, ఎవరి టైమ్ వృథా చేస్తున్నామన్న ఇబ్బంది లేకుండా చూసుకోవచ్చు కదా. వినికిడి సమస్య ఉన్న పిల్లలకైతే క్యాప్షన్లు వచ్చాకే పాఠం సరిగ్గా అందింది, నా క్లాసులోనే చూశాను.

ఇక మీ అబ్బాయి సంగతి. వీడియో చూడనివ్వండి, కానీ లెక్క రాసి ఉన్న చోట ఆపి, ముందు తను చేశాకే మిగతాది చూడాలి. రాకపోయినా సరే, కాసేపు కుస్తీ పట్టాలి. యాప్‌లో జవాబు చూస్తే చూడనివ్వండి, ఆ వెంటనే అదే రకం లెక్క ఇంకొకటి, ఏ సాయం లేకుండా చేయించండి. వారానికోసారి ఒక లెక్కను కాగితం మీద చేస్తూ, ఏం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో చెబుతూ అదే ఫోన్‌తో రికార్డ్ చేయమనండి. నా క్లాసులో పనిచేసినవాటిలో ఇదే గట్టిది. "ఎందుకంటే..." అన్నాక ఎక్కడ మాట ఆగుతుందో అక్కడే ఏది రాలేదో తెలిసిపోతుంది, వాళ్ళకే ముందు తెలుస్తుంది. రికార్డ్ చేసేటప్పుడు మాత్రం నోటిఫికేషన్లు ఆఫ్ చేయించండి, ఒక్క మెసేజ్ వచ్చినా మళ్ళీ మొదటికి వస్తారు.

థియరీ, పెద్ద పేరాలున్నవి కాగితం మీదే చదివించండి. 2018లో 54 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, సమాచారం ఉన్న పాఠాలు స్క్రీన్ మీద కంటే కాగితం మీద బాగా అర్థమయ్యాయని, టైమ్ తక్కువున్నప్పుడు ఆ తేడా ఇంకా పెరిగిందని తేలింది. కథలకైతే తేడా లేదు, అవి ఫోన్‌లో చదువుకున్నా ఏం పర్లేదు.

తొమ్మిదిలో ఏ చాప్టర్ దగ్గర కష్టపడుతున్నాడో చెప్పండి, దానికి స్లైడర్‌తో ఏం చేయించవచ్చో రాస్తాను.