క్లబ్బులో తొలిసారి బ్రిడ్జి ఆడబోతున్న మేనకోడలికి

పర్లాకిమిడి

అమ్మడూ,

మామయ్య ఆశీస్సులు. బరంపురంలో ఉద్యోగంలో కుదురుకున్నావు, ఇప్పుడు అక్కడి క్లబ్బులో డూప్లికేట్ బ్రిడ్జి ఆడతానని రాశావు. నాకు చాలా సంతోషంగా ఉంది. మీ అమ్మ మాత్రం "పేకాట క్లబ్బుకా?" అని ఫోన్లో బెంగపడింది. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో మన దేశానికి బ్రిడ్జిలో బంగారు పతకం వచ్చిందని, గెలిచిన ఇద్దరిలో ప్రణబ్ బర్ధన్ గారికి అప్పటికే అరవై ఏళ్లని తనతో చెప్పు. డూప్లికేట్‌లో ఒకసారి పంచిన ముక్కల్నే బోర్డు అనే నాలుగు అరల పళ్లెంలో పెట్టి బల్లబల్లకీ పంపుతారు. అన్ని జంటలూ అవే ముక్కలతో ఆడతాయి కాబట్టి మంచి ముక్కలు పడ్డాయి గనక గెలిచారనే మాట అక్కడ చెల్లదు.

ఆట నీకు వచ్చు. ఇంట్లో ఆడేటప్పుడు పట్టించుకోని మర్యాదలు క్లబ్బులో ఉంటాయి. వాటి గురించే రాస్తున్నాను.

పార్ట్‌నర్‌తో నువ్వు చెప్పదలచుకున్నదంతా ఎన్ని పట్లు గెలుస్తామో చెప్పే బిడ్డుతోనూ, వేసే ముక్కతోనూ మాత్రమే చెప్పాలి. గొంతు, ముఖం, వేళ్లు, ఆలస్యం, ఇవేవీ మాట్లాడకూడదు. మిగతా పద్ధతుల్లో చాలావరకు దీన్నుంచి పుట్టినవే.

ముందు భాష సంగతి. బరంపురంలో ఒకే బల్ల దగ్గర తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ కూర్చుంటారు. ఒకరి మాట ఒకరికి చాలావరకు తెలుస్తుంది. అయినా ముక్కలు చేతిలోకి తీసుకున్నాక పార్ట్‌నర్‌తో తెలుగులో ఒక్క మాట వద్దు. "ఉక్కగా ఉంది కదూ" అని కూడా వద్దు. అవతల కూర్చున్నవారు సంబల్‌పూర్ వైపు నుంచి బదిలీ మీద వచ్చినవారైతే, నువ్వు ఎండ గురించి అన్నావో ఇస్పేటు గురించి అన్నావో వారికెలా తెలుస్తుంది? అనుమానం ఒకసారి పడితే ఎంత మంచి ఆటగాళ్లయినా దాన్ని పోగొట్టుకోలేరు. వాళ్లు ఏదైనా అడిగితే ఒడియాలోనో ఇంగ్లీషులోనో, వారికి తెలిసిన భాషలోనే జవాబివ్వు.

వాళ్లు అడిగేది సాధారణంగా మీ బిడ్డుల అర్థం. పార్ట్‌నర్ మామూలు అర్థం లేని బిడ్డు వేస్తే అలర్ట్ కార్డు చూపించాల్సింది నువ్వు. అడిగేదాకా వివరించకు. అడిగాక మీ ఇద్దరి మధ్య ఉన్న ఒప్పందమే చెప్పు, నీ ఊహ చెప్పకు. ఒప్పందం లేకపోతే లేదనే చెప్పు. ఇక కష్టమైన సందర్భం ఒకటుంది. నీ బిడ్డుకి పార్ట్‌నర్ తప్పు అర్థం చెబుతుంటాడు, నువ్వు విని కూడా ముఖం మారకుండా కూర్చోవాలి. బిడ్డింగ్ అయ్యాక మీ జంటే చివరి బిడ్డు గెలిచి ఆ కాంట్రాక్టు ఆడుతుంటే, అవతలివాళ్లు బోర్లా వేసిన మొదటి ముక్క తిప్పకముందే పోటీ నడిపే డైరెక్టర్‌ని పిలిచి సరైన అర్థం చెప్పాలి. అవతలివాళ్లు ఆడుతుంటే ఆట పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు డైరెక్టర్‌ని పిలిచి చెప్పాలి. ముందే చెప్పేస్తే నీ పార్ట్‌నర్‌కి సాయం చేసినట్టవుతుంది.

ఆలస్యం కూడా మాటలాంటిదే. ఆలోచించడం తప్పు కాదు, ఆలోచించమనే కదా ఈ ఆట. కానీ పార్ట్‌నర్ చాలాసేపు తటపటాయించి పాస్ అంటే, అతని చేతిలో ఏదో ఉందని పసిగట్టి నువ్వు బిడ్డు వేయకూడదు. నీ చేతి ముక్కలు చెప్పిందే చెయ్యాలి. అలాగే ఒంటి ముక్క పట్టుకుని ఆలోచిస్తున్నట్టు ఆగడం మోసం కిందకే వస్తుంది. బిడ్డు కార్డులుండే బిడ్డింగ్ పెట్టెలో వేళ్లు తిప్పుతూ ఒక కార్డు తీసి మరోటి పెట్టకు, నిర్ణయించుకున్నాకే చెయ్యి పెట్టు. నీ కుడిపక్కవారు మెట్టు దాటి పెద్ద బిడ్డు వేసి స్టాప్ కార్డు పెడితే, నీ చేతిలో ఏమీ లేకపోయినా పది సెకన్లు ఆగి అప్పుడు బిడ్డు వెయ్యి.

బోర్డు లోంచి తీసిన ముక్కల్ని చూడకముందే, బోర్లా ఉంచి పదమూడు లెక్కపెట్టు. మొదటి ముక్క బోర్లానే వెయ్యి, అడగవలసినవి అడిగాక తిప్పుతారు. నువ్వు డమ్మీవైతే, అంటే నీ ముక్కలు కూడా పార్ట్‌నరే ఆడేటప్పుడు, తురుపు నీ కుడివైపు వచ్చేలా పరిచి, ఇక నోరు మూసుకో. కాంట్రాక్టు ఆడే డిక్లేరర్ వేరే రంగు ముక్క వేసినప్పుడు "ఇస్పేట్లు లేవా?" అని అడిగే హక్కు మాత్రం నీకుంది. ఇంట్లోలా పట్టు గెలిచినవాళ్లు ముక్కలన్నీ లాక్కోరు. నీ ముక్క నీ ముందే బోర్లా పెట్టుకోవాలి, గెలిస్తే నిలువుగా, ఓడితే అడ్డంగా. ఫలితం ఒప్పుకునేదాకా వాటిని కలపకు. ఏదైనా గొడవ వస్తే ఆ వరసే సాక్ష్యం.

గొడవ అంటే గుర్తొచ్చింది. డైరెక్టర్‌ని పిలవడం ఎవరి మీదా ఫిర్యాదు కాదు. వేయాల్సిన రంగు ముక్క ఉండి వేయకపోయినా, వంతు కానివారు ముందు వేసినా, బల్ల దగ్గర పెద్దాయన ఎవరైనా "ఫరవాలేదు, వెనక్కి తీసుకో" అంటారు. వినయంగా "డైరెక్టర్‌ని పిలుద్దామండీ" అను. వంతు తప్పిన మొదటి ముక్కకి డిక్లేరర్ ముందు అయిదు దారులుంటాయి, అవన్నీ ఎవరికీ నోటికి రావు. మంచితనంతో ఇచ్చిన తీర్పు వల్ల కూడా పక్క బల్లల జంటలు నష్టపోతాయి, ఎందుకంటే మీ మార్కులు తేలేది వాళ్ల ఫలితాలతో పోల్చే.

అందుకే బోర్డు అయ్యాక ముక్కల గురించి గట్టిగా మాట్లాడవద్దు. అదే బోర్డు ఇంకా ఆడనివాళ్లు వెనకే కూర్చుని ఉంటారు. పార్ట్‌నర్‌ని తప్పుపట్టడం అసలే వద్దు, ఏదైనా ఉంటే ఇంటికెళ్లాక ఫోన్లో చెప్పుకోండి. డమ్మీ పరవగానే ముక్కలు ఎలా ఉన్నా "థాంక్యూ పార్ట్‌నర్" అనాలి. కొత్త బల్లకి వెళ్లగానే నమస్కారం పెట్టు.

బోర్డుకి ఏడెనిమిది నిమిషాలే ఉంటాయి. మొదటి రోజు కొత్తదాన్నని డైరెక్టర్‌తో చెప్పి నార్త్-సౌత్ కుర్చీలు అడుగు, చాలా క్లబ్బుల్లో ఆ జంటలు బల్ల మారక్కర్లేదు. స్కోరు నార్త్ రాస్తారు, కాబట్టి ఆ పని అలవాటున్న నీ పార్ట్‌నర్‌ని అక్కడ కూర్చోబెట్టు. ఫోను ఆపేసెయ్. మీ బిడ్డుల ఒప్పందాలు రాసిన కన్వెన్షన్ కార్డు రెండు కాపీలు తీసుకెళ్లు. ఒన్ నో ట్రంప్‌కి చేతిలో ఎన్ని పాయింట్లుండాలో, మేజర్ (ఇస్పేటు, ఆఠీను) తెరవడానికి ఎన్ని ముక్కలో ముందే రాసి నాకు వాట్సాప్‌లో పంపు, చూసి చెబుతాను.

మీ మామయ్య