తోరణాల నడుమ ఉన్న గుడి జాగా

ప్రశ్న: ఖిలా వరంగల్‌లో నాలుగు తోరణాల మధ్య ఉన్న పచ్చిక బయలును మా ఇంటి పెద్దలు ‘గుడి జాగా’ అంటారు. అక్కడ శిథిలాలు తప్ప గుడి లేదు కదా, ఆ మాట నిజమేనా? - ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ పెద్దల మాట అక్షరాలా నిజం. కాకతీయుల ఆరాధ్య దైవమైన స్వయంభూ శివుని ఆలయం అక్కడే ఉండేది. మీరు చూసిన తోరణాలు దాని ఆవరణకు నాలుగు దిక్కులా నిలిపిన ద్వారాలు. 1323లో తుగ్లక్ సేనలు కోటను పట్టుకున్న తరువాత ఆలయం నేలమట్టమైనా, ఏ తోరణం దగ్గర నిలబడి చూసినా మిగిలిన మూడింటి ఆధారంగా ఆ ఆవరణ ఎంత విశాలమైనదో ఈనాటికీ ఊహించుకోవచ్చు. తోరణం పైన కొలువుదీరిన హంసలను, అడ్డుదూలం కింద వేలాడుతున్నట్టు మలచిన తామర మొగ్గలను తీరికగా చూడండి. ఆ పనితనానికి సాటి రాగలవి అరుదని నా నమ్మకం. 2014లో తెలంగాణ రాజముద్రలోకి చేరింది ఈ తోరణమే.

పిల్లలను తీసుకువెళితే, గడ్డిలో వరుసలుగా పేర్చిన స్తంభాల ముక్కలు, దూలాలు ఆ ఆలయ ప్రాంగణానివేనని తప్పక చెప్పండి, వాటిపైకి ఎక్కనివ్వకండి. పడమర వైపున్న దర్బారు మందిరం ఖుష్ మహల్‌ను, 16వ శతాబ్దం తొలినాళ్లలో వరంగల్‌ను ఏలిన షితాబ్‌ఖాన్ కట్టించాడని స్థానికంగా చెప్పుకుంటారు గాని, లోపలికి వాలిన దాని మందపాటి గోడలు తుగ్లక్‌ల కాలపు నిర్మాణ పద్ధతికి చెందినవి.