స్టార్ట్ కాని కారుకు 12 వేలేనా? మా మారుతి 800 ఇచ్చినప్పుడు వేసిన లెక్క

కర్నూలులో మీ 2008 శాంత్రో ఏడాదిన్నరగా ఇంటి ముందే నిలబడిపోయిందని, స్టార్ట్ కాని బండికి 12 వేలే ఎక్కువని గుజరీ ఆయన అన్నాడని రాశారు. అది న్యాయమైన ధరేనా అని అడిగారు. నాకైతే తక్కువే అనిపిస్తోంది. రెండేళ్ళ కిందట అనంతపురంలో నాన్న కారు తుక్కుకు ఇచ్చేటప్పుడు మాకూ ఇలాగే జరిగింది.

మాది 2004 మారుతి 800, ఏసీ ఉన్నది. మొదట వచ్చినాయన గేటు దగ్గరే నిలబడి 11 వేలు అన్నాడు. "స్టార్టే కాదు కదన్నా, ఇంజిన్ పోయినట్టే" అన్నాడు. పోనీ ఇచ్చేద్దాం అన్నారు నాన్న. నాకు మనసొప్పలేదు. ఆ బండిలోనే మమ్మల్ని ఎన్నిసార్లు తిరుపతికి తీసుకెళ్ళారో.

తెలిసిన మెకానిక్‌కు 300 ఇచ్చి ఇంటికి పిలిపించాను. మంచి బ్యాటరీ తగిలిస్తే సెల్ఫ్ తిరిగింది. ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రాన్ని (క్రాంక్ పుల్లీ) స్పానర్‌తో తిప్పితే ఇంజిన్ సులువుగానే కదిలింది. పోయింది పెట్రోల్ పంపు మాత్రమే. స్టార్ట్ కాకపోవడం వేరు, ఇంజిన్ జామ్ అవడం వేరు. జామ్ అయితే ఇనుము ధరే వస్తుంది. తిరిగే ఇంజిన్, గేర్‌బాక్స్ విడిగా అమ్ముడుపోతాయి. కొనేవాళ్ళకు ఈ తేడా బాగా తెలుసు, మనకే తెలియదు. మీరూ ముందు ఈ పరీక్ష చేయించండి.

మరి బాగు చేయించి అమ్మొచ్చు కదా అంటారేమో. 15 ఏళ్ళు దాటితే ఆర్సీ రెన్యువల్ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఆ ఫీజు 600 నుంచి 5,000 అయింది. ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ అదనం. మాకు లెక్క కుదరలేదు.

ఇక బరువు. ఆర్సీ తీసి చూడండి, అన్‌లేడెన్ వెయిట్ అని, అంటే ఖాళీ బండి బరువు, కిలోల్లో రాసి ఉంటుంది. మాది 665. మూడు గుజరీ షాపుల్లో అడిగితే ఆ వారం పాత ఇనుము కిలో 25 నుంచి 27 ఉంది. సీట్లు, అద్దాలు, టైర్లకు 150 కిలోలు తీసేస్తామన్నారు, ఒప్పుకున్నాను. 515 కిలోలు, 26 చొప్పున 13,390. అంటే ఒట్టి ఇనుమే మొదటాయన చెప్పినదాని కన్నా ఎక్కువ!

దాని మీద విడి సామాన్లు. బ్యాటరీలో సీసం, సెల్ఫ్ మోటార్‌లో, డైనమోలో రాగి, ఏసీ కంప్రెసర్, రేడియేటర్. అన్నిటికన్నా ముఖ్యం సైలెన్సర్ లైనులో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్. పొగను శుద్ధి చేసే ఆ భాగంలో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు ఉంటాయి. మొదట వచ్చినాయన బానెట్ ఎత్తకుండా నేరుగా బండి కిందికి వంగి చూశాడు. ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. దాని ధర విడిగా చెప్పమని అడగండి, ఇంజిన్‌కు, గేర్‌బాక్స్‌కు కూడా అలాగే. బండిని లాక్కెళ్ళే ఖర్చు ఎవరిదో కూడా అప్పుడే తేల్చుకోండి. ఇలా అడుగుతూ పోతే మూడో షాపాయన 23,500 దగ్గర ఆగాడు.

అయినా మేము ఆయనకు ఇవ్వలేదు. 2021 నిబంధనల ప్రకారం రిజిస్టర్ అయిన స్క్రాపింగ్ కేంద్రం ఒకటి 20,000 ఇస్తామంది, బండిని తుక్కుకు అప్పగించామని రుజువుగా ఉండే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్‌తో పాటు. ఆ సర్టిఫికెట్ చూపిస్తే కొత్త సొంత కారు లైఫ్ ట్యాక్స్‌లో 25 శాతం వరకు రాయితీ ఉంటుంది. 80,000 ట్యాక్స్ అనుకుంటే 20,000 దాకా మిగులు. నాన్న పేరు మీదే కొత్త కారు కొనాలనుకున్నాం కాబట్టి 3,500 తగ్గినా అక్కడికే ఇచ్చాం. మీకు ఎంత రాయితీ వస్తుందో ఆర్టీఓ ఆఫీసులో ముందే అడగండి. మీకు కొత్త కారు ఆలోచన లేకపోయినా నేను అక్కడికే ఇవ్వమంటాను, కారణం మా బాబాయి స్కూటర్. తుక్కు కింద ఇచ్చి ఆర్సీ రద్దు చేయించలేదు. ఏడాది తర్వాత ఆ నంబరు మీద చలానా వచ్చింది. బండి పోయిందని నిరూపించుకోవడానికి నాలుగు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాడు, ఇంట్లో అందరికీ టెన్షన్. బండి పనికిరాకుండా పోతే 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్‌లోనే ఉంది. కారు మీద లోను ఉండి ఉంటే బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ తెచ్చి ఆర్సీలో బ్యాంకు పేరు ముందే తీయించండి, లేకపోతే కేంద్రంవాళ్ళు తీసుకోరు.

మీ ఆర్సీలో బరువెంతుందో, ఇంజిన్ తిరుగుతోందో లేదో చూసి రాయండి. ఈ వారం మీ ఊళ్ళో ఇనుము ధర కూడా కనుక్కుంటే కూర్చుని లెక్క కట్టి చెప్తాను.