గొర్రె పొట్టలో నట్ట, మా అమ్మాయి పీహెచ్‌డీ

(పశువైద్య కళాశాలలో పరాన్నజీవుల శాస్త్రం చెప్పి రిటైరైన డాక్టరమ్మ జవాబులు)

ప్రశ్న: మేడమ్ గారూ, మాకు నూట ఇరవై గొర్రెలు. తాతల నాటి నుంచి ఇదే పని. మా బిడ్డ వెటర్నరీ చదివి ఇప్పుడు గొర్రె నట్టల మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఏం చేస్తున్నవ్ బిడ్డా అంటే, నట్ట గుడ్డుగా ఉన్నప్పుడు ఏ జన్యువులు పనిచేస్తాయి, పిల్లగా ఉన్నప్పుడు ఏవి, పెద్దదయ్యాక ఏవి అని లెక్క తీస్తున్నానంటది. పురుగు ఒకటే అయినప్పుడు జన్యువులు ఒకటే కదా? మళ్లీ మళ్లీ లెక్క ఎందుకు? నాలుగేళ్లయింది, ఇంకా అయిపోలేదు. దీంతో మా మందకు ఏమన్నా లాభముందా? అడిగితే నవ్వుతది గానీ చెప్పదు.
– ఓ గొర్రెల కాపరి, నాగర్‌కర్నూలు జిల్లా

జవాబు: ఆ నవ్వు నాకు తెలుసండీ. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనప్పుడు వచ్చే నవ్వు అది. నా థీసిస్ గురించి మా నాన్నకు మూడుసార్లు చెప్పబోయి మూడుసార్లూ ఓడిపోయాను. నాలుగోసారి ఆయనే ‘సరేలేమ్మా, స్టైపెండ్ వస్తోందా?’ అని మాట మార్చేశారు.

మీరన్నది నిజమే, జన్యువులు ఒకటే. గుడ్డులో ఉన్నవే పెద్ద పురుగులోనూ ఉంటాయి. కానీ మీ వైపు ఒగ్గు కథ చెప్పేవాళ్లను చూడండి. బీరన్న కథ, మల్లన్న కథ, ఎల్లమ్మ కథ అన్నీ వాళ్లకు నోటికొస్తాయి. అన్నీ వచ్చని ఒకే రాత్రి అన్నీ చెప్పరు కదా. ఏ ఇంట్లో ఏ దేవుడి పట్నం (పూజ ముగ్గు) వేస్తే ఆ కథే ఎత్తుకుంటారు. నట్ట కూడా అంతే. దానికి ఇరవై వేలకు పైగా జన్యువులున్నా ఆ పూట ఎక్కడుంది, ఏం తింటోంది అన్నదాన్ని బట్టి కొన్నింటినే గట్టిగా వాడుతుంది. మీ అమ్మాయి లెక్కపెట్టేది ఏ పూట ఏ కథ నడిచిందని.

గొర్రెల్లో నట్టల మీద పని అంటే చాలావరకు హీమాంకస్ అనే రక్తం తాగే పురుగే అయ్యుంటుంది. కోసిన గొర్రె నాలుగో పొట్టలో మీరూ చూసే ఉంటారు: రెండు మూడు సెంటీమీటర్ల పొడవు, ఎర్రదారం తెల్లదారం కలిపి పేనినట్టు ఉంటుంది. ఎర్రది తాగిన రక్తంతో నిండిన పేగు, దాని చుట్టూ మెలిక తిరిగిన తెల్లది గుడ్ల సంచి. అంటే అది ఆడది. రోజుకు ఐదు నుంచి పది వేల గుడ్లు పెడుతుంది. ఒక్కో పురుగు వల్ల గొర్రె రోజుకు పోగొట్టుకునే రక్తం 0.05 మిల్లీలీటరు. చాలా తక్కువ అనిపిస్తుంది. వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు! ముప్పై కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తమే సుమారు రెండు లీటర్లు. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడేది ఇందుకే.

ఇప్పుడు దాని బతుకు చూడండి. గుడ్డు పెంటికతో బయటపడుతుంది. తడి, వెచ్చదనం ఉంటే ఒకటి రెండు రోజుల్లో పిల్ల వస్తుంది. అది పెంటికలోని బ్యాక్టీరియాను తింటూ రెండుసార్లు కుబుసం మారుస్తుంది. రెండోసారి మాత్రం పాత తోలును పూర్తిగా విడవదు, దాన్నే తొడుగులా ఉంచుకుంటుంది. ఇది మూడో దశ పిల్ల. నోరు కూడా తొడుగు లోపలే ఉండటంతో ఏమీ తినలేదు. ఒంట్లో దాచుకున్న కొవ్వు మీద వారాలు, ఒక్కోసారి నెలలు గడుపుతూ, తడి గడ్డి ఎక్కి గొర్రె నోటి కోసం చూస్తుంది. మంచు ఆరేదాకా మందను తోలొద్దని మీ పెద్దలు అన్నారంటే ఈ పిల్ల పేరు తెలియకపోయినా దాని వేళ వాళ్లకు తెలిసిందన్నమాట.

గొర్రె మింగాక మొదటి పొట్టలోని వేడి, కార్బన్ డయాక్సైడ్ తగిలి ఆ తొడుగు ఊడుతుంది. నాలుగో పొట్ట చేరి, గోడలో దూరి, మళ్లీ కుబుసం విడిచి నాలుగో దశకు వస్తుంది. రక్తం తాగడం అక్కడే మొదలు. మింగిన మూడు వారాలకల్లా పెంటికలో కొత్త గుడ్లు కనిపిస్తాయి.

గడ్డి మీద ఉపవాసం చేసే పిల్లకు రక్తం అరిగించే ఎంజైములతో పనేముంది? ఆ దశలో వాటిని తయారుచేసే జన్యువులు దాదాపు నిద్రపోతాయి. నాలుగో దశ రాగానే ప్రొటీన్లను కోసే ఎంజైముల జన్యువులు ఒక్కసారిగా లేస్తాయి. కెథెప్సిన్-బి అనే ఎంజైము కోసం ఈ పురుగులో పెద్ద జన్యు కుటుంబమే ఉంది. మగవాటిలో వీర్యకణాల ప్రొటీన్ జన్యువులు, ఆడవాటిలో గుడ్డు సొన ప్రొటీన్ జన్యువులు మోత మోగిపోతాయి. ఈ పురుగు జన్యుపటాన్ని, అంటే దాని మొత్తం జన్యువుల రాతను, 2013లో రెండు బృందాలు విడివిడిగా వేసి, ఈ దశల లెక్కలతో సహా అచ్చువేశాయి. 2020కి, జన్యువులు వరుసగా ఉండే పోగులైన ఆరు క్రోమోజోముల వరకు చక్కగా సర్దిన పటం వచ్చింది. మీ అమ్మాయి దాని మీదే పనిచేస్తూ ఉంటుంది.

లెక్క ఎలా తీస్తారంటే, పనిలో ఉన్న జన్యువు ఆర్‌ఎన్‌ఏ అనే నకళ్లు తీస్తుంది. పురుగులను నూరి, ఆ నకళ్లను బయటికి తీసి, యంత్రంలో ముక్కముక్కా చదివి, ఏ ముక్క ఏ జన్యువుదో జన్యుపటంతో పోల్చి లెక్కపెడతారు. ఎక్కువ నకళ్లుంటే ఎక్కువ పని. నా రోజుల్లో ఒక్కో జన్యువుకు ఒక్కో ప్రయోగం చేసేవాళ్లం. ఇప్పుడు ఇరవై వేలూ ఒకేసారి. కుళ్లు లేదంటే నమ్మకండి, ఉంది.

నాలుగేళ్లు ఎందుకన్నారు కదా. యంత్రం చదవడానికి పట్టేది రోజులే. నూరే ముందు పురుగులను వేసే గొట్టంలోకి ఏ పురుగు వెళ్లిందో ఖాయం చేసుకోవడానికే ఏళ్లు పడతాయి. నేను తెల్లవారుజామున నాలుగింటికి కబేళాకు వెళ్లి, నాలుగో పొట్టను రెండు వైపులా దారంతో కట్టించుకుని, వేడినీళ్ల ఫ్లాస్కులో గోరువెచ్చటి ఉప్పునీటితో నిలబడేదాన్ని. పురుగు మెల్లగా చల్లబడితే దాని నకళ్లు మారిపోతాయి. ఆలస్యమైతే చెరిగిపోతాయి. అందుకే త్వరగా కడిగి, ఉన్నపళంగా గడ్డకట్టేలా మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ముంచాలి. గుడ్లతో ఇంకో తంటా. వేసవి రోజున బల్ల మీద వదిలేస్తే మర్నాటికి పిల్లలైపోతాయి. మీ గొట్టం మీద ‘గుడ్లు’ అనే ఉంటుంది, లోపల మాత్రం వేరే దశ!

ఒకసారి సెమినార్ టెన్షన్‌లో పడి, ‘ఆడవి’ అని రాసిన గొట్టంలో మగపురుగును కూడా వేసేశాను. మగదాని తోక చివర గొడుగులా విప్పుకుంటుంది, సూక్ష్మదర్శినిలో చూస్తే పొరబడటం కష్టం. నేను చూడకుండానే వేశాను. ఫలితంలో ఆడవాటికి వీర్యకణాల జన్యువు పనిచేస్తున్నట్టు వచ్చింది. ఆడదాని కడుపులో మగదాని వీర్యకణాలు నిల్వ ఉంటాయిగా, అందుకే అయ్యుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా గైడ్ ఒప్పుకోలేదు. ‘పురుగులను మళ్లీ చూపించు’ అన్నారు. నూరేసిన పురుగులను ఎక్కడి నుంచి తేను? మళ్లీ కబేళా, మళ్లీ ఫ్లాస్కు, ఒక్కొక్కదాని తోక చూసి వేశాను. వీర్యకణాల జన్యువు జాడే లేదు.

సరిగ్గా వేసినా ఆడపురుగుతో ఒక పేచీ ఉంది. దాని కడుపు నిండా ఎదుగుతున్న గుడ్లే. నూరితే వచ్చే లెక్కలో తల్లిదెంత, పిండాలదెంత? అందుకే కొందరు దాని పేగును సూదులతో విడిగా లాగి తీస్తారు. వెంట్రుకను చీల్చే పని. మీ అమ్మాయి కళ్లు మండుతున్నాయంటే అదీ కారణం కావచ్చు.

ఇక లాభం సంగతి. ఈ పురుగుకు మందు కాకుండా టీకా ఒకటి ఉంది. ఆస్ట్రేలియాలో 2014లో అనుమతి పొందింది, పేరు బార్బర్‌వాక్స్. స్కాట్లాండ్‌లోని మోర్‌డన్ పరిశోధన సంస్థ దీని వెనకుంది. పెద్ద పురుగు పేగు గోడలో ఉండే ప్రొటీన్లతో దీన్ని చేస్తారు. ఆ ప్రొటీన్లు పురుగు కడుపులో దాగి ఉంటాయి కాబట్టి మామూలుగా గొర్రె ఒంటికి వాటి సంగతే తెలియదు. టీకా వేస్తే గొర్రె రక్తంలో వాటి మీద యాంటీబాడీలు తయారవుతాయి. పురుగు ఆ రక్తం తాగి తన పేగును తానే పాడుచేసుకుంటుంది. నాకైతే ఇది చాలా ముచ్చటైన ఆలోచన. రక్తం తాగే దశలో మాత్రమే లేచే జన్యువులేవో తెలిస్తేనే ఇలాంటి గురి కుదురుతుంది. చిక్కేమిటంటే, ఆ ప్రొటీన్లను ల్యాబులో చేసి చూస్తే అంత బాగా పనిచేయలేదు. కోసిన గొర్రెల్లోంచి పురుగులను ఏరి, వాటి నుంచే తీయాల్సి వస్తోంది. పైగా వారాల తేడాతో మళ్లీ మళ్లీ వేయాలి. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. ఇన్ని జీవాలకు అలా వేయడం ఎంత కష్టమో మీకే తెలుసు.

అయితే అన్నిటికీ ఈ లెక్కలే జవాబని అనుకోవద్దు. ఆల్బెండజోల్ లాంటి నట్టల మందులు పనిచేయకపోవడానికి పెద్ద కారణం బీటా-ట్యూబులిన్ అనే జన్యువులో ఒక్క అక్షరం మారడం. అది ఎంత పనిచేస్తోందని చూస్తే ఈ సంగతి బయటపడదు, దాని రాత చదవాలి. కాబట్టి మీరు ఇప్పుడు చేయగలిగింది చెప్తాను. మంద మొత్తానికి ఒకే మందు పదేపదే తాగించకండి. కింది కనురెప్ప లాగి చూడండి. లోపల ఎర్రగా ఉన్న గొర్రెను వదిలేయండి, తెల్లగా పాలిపోయినదానికి మందు తాగించండి. దక్షిణాఫ్రికాలో దీనికి ఐదు రంగుల కార్డే తయారుచేశారు. మోతాదు మాత్రం బరువు చూసి పోయాలి, చేతి అంచనాతో వద్దు.

ప్రశ్న: మటన్ తింటే ఈ రక్తం తాగే పురుగు మనకు వస్తుందా?
– ఓ గృహిణి, వరంగల్

జవాబు: రాదమ్మా. అది ఉండేది గొర్రె పొట్టలో, కండలో కాదు. అంటించే దశ గడ్డి మీద ఉంటుంది. మనుషుల్లో కనిపించడం చాలా చాలా అరుదు. బోటీ శుభ్రంగా కడిగి బాగా ఉడికించండి, చాలు.

ప్రశ్న: నేను బీఎస్సీ బయోటెక్నాలజీ ఫైనలియర్. మా వైపు బోదకాలు ఉన్నవాళ్లను చిన్నప్పటి నుంచి చూస్తున్నా. ఆ పురుగు దశల మీద ప్రాజెక్టు చేయాలనుంది. మా కాలేజీలో ల్యాబ్ సరిగా లేదు. వీలవుతుందా?
– ఓ విద్యార్థిని, తూర్పుగోదావరి జిల్లా

జవాబు: వీలవుతుంది. మన దగ్గర బోదకాలు తెచ్చేది ఎక్కువగా వుచెరేరియా అనే పురుగు. దాన్ని ల్యాబు జంతువుల్లో పెంచడం కష్టం. అందుకని శాస్త్రవేత్తలు దాని చుట్టమైన బ్రూజియా మలయీని జెర్బిల్ అనే ఎలుకల్లో పెంచి చదువుతారు. దాని జన్యుపటం 2007లోనే వచ్చింది. దశలవారీ ఆర్‌ఎన్‌ఏ లెక్కలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. వార్మ్‌బేస్ పారాసైట్ అనే సైటులో మొదలుపెట్టు. పెద్ద కంప్యూటర్ లేకపోతే గెలాక్సీ అనే ఉచిత సర్వర్ వాడుకో. మొత్తం జన్యువుల జోలికి వెళ్లకు. దోమలో ఉండే పిల్ల దశ, మనిషి రక్తంలో తిరిగే మైక్రోఫైలేరియా అనే పసి పిల్ల దశ, ఈ రెండింటి మధ్య ఒక్క జన్యు కుటుంబం తీసుకుని పోల్చు. ఒక్కో దశకు కనీసం మూడు వేర్వేరు శాంపిళ్లున్న డేటానే ఎంచుకో. గ్రాఫు గీసే ముందు ఆ శాంపిళ్లను ఎలా తీశారో రాసిన పేరా రెండుసార్లు చదువు: ఏ దశ, ఎన్ని పురుగులు, ఆడవా మగవా, ఒంట్లోంచి తీశాక ఎంతసేపటికి గడ్డకట్టించారు. అది రాయని డేటాను పక్కన పెట్టేయ్.